లెక్కల్లో మూడుసార్లు తప్పిన కార్ల ఇంజనీరు – సర్ అలెక్ ఇసిగోనిస్



ప్రతి ఏటా మన సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకుంటున్నాం. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, అబ్దుల్ కలాం గారి గురించి సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి ఆ పని పాలిటెక్నిక్, ఐటిఐ చదువుతున్న మా చేతికి వచ్చింది. మేము ఒక కార్ల ఇంజనీరును ఎంచుకున్నాం. ఆయన మన దేశస్థుడు కాదు. మనలో చాలామంది ఆయన పేరు కూడా విని ఉండరు. అయినా ఆయన గురించే రాయాలనుకోవడానికి ఒక కారణం ఉంది.

మా బ్యాచ్ పదో తరగతి ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన రోజు లెక్కల్లో తప్పిన మా మిత్రుడొకడు ఎవరితోనూ మాట్లాడలేదు. తన ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోయాడు. సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ దాటిపోయేదాకా మాలో ఒక్కరమూ అతని ఊరు వెళ్ళలేదు. ఇప్పుడతను లారీ షెడ్డులో పని చేస్తున్నాడు. విప్పిన ఇంజన్ను చూపుతోనే చదవగలడు. చేతి పనిలో మా అందరికన్నా మిన్న. ఆటోమొబైల్ పాఠాల్లో అలెక్ ఇసిగోనిస్ గురించి తెలుసుకున్నప్పుడల్లా మాకు ఆ మిత్రుడే గుర్తొచ్చాడు.

ఇల్లు వదిలిన కుటుంబం

అలెక్ ఇసిగోనిస్ 1906 నవంబరు 18న స్మిర్నా నగరంలో జన్మించారు. అది సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద రేవు పట్టణం. అప్పట్లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు టర్కీలో ఇజ్మీర్ అంటారు. తండ్రి కాన్‌స్టంటైన్ గ్రీకు జాతివారు, బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవారు. ఓడలకు సంబంధించిన ఇంజనీరింగ్ కర్మాగారం నడిపేవారు. తల్లి హుల్డా జర్మన్ సంతతికి చెందినవారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన మనలా కూలి చేసుకునే ఇంట పుట్టలేదు. కలిగిన ఇంటి బిడ్డ. కానీ ఆ కలిమి కొన్ని రోజుల్లోనే పోయింది. గ్రీకులకు, టర్కులకు మధ్య జరిగిన యుద్ధం 1922 సెప్టెంబరులో స్మిర్నా మీదికి వచ్చింది. నగరం తగలబడింది. బ్రిటిష్ పౌరులు కావడం వల్ల ఇసిగోనిస్ కుటుంబాన్ని ఓడ ఎక్కించి మాల్టా దీవికి చేర్చారు. కర్మాగారం, ఇల్లు వెనకే ఉండిపోయాయి. కొద్దికాలానికే తండ్రి చనిపోయారు. 1923లో తల్లీ కొడుకులు ఇంగ్లండు చేరుకున్నారు. అప్పటికి అలెక్‌కు పదహారేళ్ళు దాటాయి. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళపాటు, 1972లో ఆమె కన్నుమూసేదాకా, తల్లీ కొడుకులు ఒకరికొకరు తోడుగా బతికారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు.

లండన్‌లో బాటర్సీ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్‌లో చేరారు. డ్రాయింగులో ఆయన చెయ్యి గొప్పది. లెక్కల్లో మాత్రం మూడుసార్లు పరీక్ష తప్పారు. ఇది తర్వాత ఎవరో అల్లిన కథ కాదు. ఆయన దాన్ని ఎన్నడూ దాచుకోలేదు. చివరకు డిప్లొమా చేతబట్టుకుని ఉద్యోగం వెతుక్కున్నారు.

చేత్తో చేసిన మొదటి కారు

1934లో కవెంట్రీలోని హంబర్ కంపెనీలోను, 1936లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలోని మోరిస్ మోటార్స్‌లోను చేరారు. పగలు ఉద్యోగం. సాయంత్రాలు, సెలవు రోజుల్లో జార్జ్ డౌసన్ అనే మిత్రునితో కలిసి ఒక చిన్న రేసు కారు కట్టడం మొదలుపెట్టారు. కరెంటు యంత్రాలు లేవు. రంపం, ఆకురాయి, డ్రిల్లు అన్నీ చేతివే. ప్లైవుడ్డును, అల్యూమినియం రేకును జోడించి బరువు తక్కువగా, గట్టిగా ఉండే శరీరం చేశారు. స్ప్రింగుల చోట రబ్బరు వాడారు. ఆ కారు పూర్తి కావడానికి కొన్నేళ్ళు పట్టింది. దానికి లైట్‌వెయిట్ స్పెషల్ అని పేరు పెట్టారు.

అది అమ్మడానికి చేసింది కాదు. అలాంటిది మరొకటి తయారు కాలేదు. కానీ బరువు తగ్గించడం, రబ్బరును స్ప్రింగుగా వాడడం అనే రెండు పాఠాలు అక్కడే నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత అవి పనికొచ్చాయి.

దోమ పేరు పెట్టిన కారు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే, యుద్ధం ముగిశాక అమ్మడానికి ఒక చిన్న కారు తయారు చేయాలని మోరిస్ కంపెనీలో మైల్స్ థామస్ అనే అధికారి తలపెట్టారు. ఆ పని ఇసిగోనిస్‌కు అప్పగించారు. ఆయనకు తోడు కొద్దిమందే. వారిలో జాక్ డేనియల్స్ ముఖ్యుడు. ఇసిగోనిస్ కాగితం మీద చేత్తో బొమ్మ గీసేవారు. దాన్ని కొలతలతో సహా పనికొచ్చే డ్రాయింగుగా మార్చేది డేనియల్స్. లెక్కలు అక్కర్లేదని ఈ కథ చెప్పడం లేదని తమ్ముళ్ళు గమనించాలి. ఒకరికి రానిది రెండోవారికి వచ్చింది. ఇద్దరూ కలిస్తేనే కారు నడిచింది.

ఆ నమూనా కారుకు మస్కిటో అని పేరు, అంటే దోమ. దాని కోసం అనుకున్న కొత్త ఇంజను మధ్యలోనే ఆగిపోయింది. పాత మోరిస్ ఎయిట్ ఇంజనుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కు కారు రూపం అసలు నచ్చలేదు. ఉడికించిన గుడ్డులా ఉందని వెక్కిరించారట. తయారీ మొదలవబోతుండగా, కారు సన్నగా ఉందని ఇసిగోనిస్‌కే అనిపించింది. నమూనాను నిలువునా రెండుగా కోయించి, ముక్కలను దూరం జరిపి చూసి, 4 అంగుళాల వెడల్పు పెంచారు. బానెట్ మధ్యలో కనిపించే చదునైన పట్టీ ఆ అతుకు గుర్తే.

1948 అక్టోబరులో లండన్ మోటారు ప్రదర్శనలో ఆ కారు మోరిస్ మైనర్ పేరుతో జనం ముందుకొచ్చింది. 1960 డిసెంబరులో 10 లక్షల కార్లు పూర్తయ్యాయి. ఆ సంఖ్య చేరుకున్న మొదటి బ్రిటిష్ కారు అదే. యజమాని వెక్కిరించిన కారే కంపెనీకి అన్నం పెట్టింది.

పక్కన పడేసిన కార్లు

ఇప్పుడు మేము ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతికి వస్తున్నాం. గొప్పవారి జీవితాల్లో గెలుపులే రాస్తారు. అమ్మకానికి రాకుండా మూలన పడిన కార్లే ఇసిగోనిస్ గురించి మాకు ఎక్కువ చెప్పాయి.

మొదటిది ఒక మైనర్ కారు. 1950ల మొదట్లో ఆయన మైనర్ మీద ఒక ప్రయోగం తలపెట్టారు. ఆనాటి చాలా కార్లలో ఇంజను నిలువుగా ఉండేది. దాని శక్తి పొడవాటి ఇరుసు ద్వారా వెనక చక్రాలకు వెళ్ళేది. ఆయన ఇంజన్ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పాలనుకున్నారు. 1952లో మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసి బిఎంసి అయ్యాయి. ఆ ఏడాదే ఇసిగోనిస్ ఉద్యోగం మానేశారు. ఆ కారును డేనియల్స్ పూర్తి చేసి నడిపి చూశారు. అమ్మకానికి మాత్రం రాలేదు.

రెండోది ఆల్విస్ కారు. కవెంట్రీలోని ఆల్విస్ కంపెనీ కోసం ఆయన మూడున్నర లీటర్ల వి8 ఇంజనుతో ఒక పెద్ద కారు రూపొందించారు. అక్కడే రబ్బరు నిపుణుడైన అలెక్స్ మౌల్టన్‌తో స్నేహం గట్టిపడింది. ముందు చక్రానికి, వెనక చక్రానికి సంబంధం కల్పించి కుదుపు తగ్గించే పద్ధతి ఇద్దరూ కలిసి ప్రయత్నించారు. ఖర్చు భరించలేమని 1955లో కంపెనీ ఆ పని ఆపేసింది. మూడేళ్ళ శ్రమ పోయింది. ఆ కారు ఇప్పుడు ఎక్కడా మిగిలి లేదు.

మూడోది బిఎంసిలో. అధిపతి లెనార్డ్ లార్డ్ ఆయనను వెనక్కి పిలిపించి బర్మింగ్‌హామ్‌లోని లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో పెట్టారు. పెద్ద, మధ్య, చిన్న సైజుల్లో మూడు కార్లు అనుకున్నారు. వాటి గుర్తులు ఎక్స్‌సి 9001, 9002, 9003. మొదట చేపట్టింది పెద్దదాన్ని. దాన్నీ మధ్యలో పక్కన పెట్టేయవలసి వచ్చింది.

పది అడుగుల కారు

1956 జూలైలో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. దాంతో యుద్ధం వచ్చింది. పెట్రోలు ఓడలు ఆగిపోయాయి. డిసెంబరులో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను పెట్టారు. జనం జర్మనీ నుంచి వచ్చిన బుడగల్లాంటి బుల్లి కార్ల మీద పడ్డారు. 1957 మార్చిలో లార్డ్ మిగతా పనులు ఆపించి చిన్న కారే ముందు కావాలన్నారు. ఒకే షరతు పెట్టారు. ఇంజను మాత్రం కంపెనీలో ఉన్నదే వాడాలి.

ఇసిగోనిస్ లెక్క ఇలా ఉంది. కారు పొడవు 10 అడుగులు. అందులో నలుగురు మనుషులు, వాళ్ళ సామాను పట్టాలి. మొత్తం పొడవులో నూటికి ఎనభై వంతులు మనుషులకు, సామానుకే ఇవ్వాలి. మరి యంత్రం ఎక్కడ పెట్టాలి?

అప్పుడు పాత పనులన్నీ ఒక్కొక్కటిగా అక్కరకొచ్చాయి. మూలన పడిన మైనర్ ప్రయోగంలో లాగా ఇంజన్ను అడ్డంగా పెట్టారు. గేర్‌బాక్సుకు పక్కన చోటు లేదు కాబట్టి ఇంజను కింద, నూనె ఉండే చోటే అమర్చారు. రెండింటికీ ఒకటే నూనె. లైట్‌వెయిట్ స్పెషల్‌లో లాగా ఇనుప స్ప్రింగులకు బదులు రబ్బరు వాడారు. మౌల్టన్ తయారు చేసిన రబ్బరు శంకువులు కొద్ది చోటులోనే ఇమిడాయి. చక్రాల కోసం డన్‌లప్ కంపెనీ చేత ప్రత్యేకంగా 10 అంగుళాల టైర్లు చేయించారు. ముందు చక్రాలే బండిని లాగాలి, అవే పక్కకు తిరగాలి. మామూలు జాయింటు వాడితే స్టీరింగు తిప్పినప్పుడు కుదుపు వస్తుంది. అందుకని చక్రం ఎంత తిరిగినా ఒకే వేగం అందించే కాన్‌స్టాంట్ వెలాసిటీ జాయింటు వాడారు. మెకానిక్ షెడ్లలో ఇప్పుడు సివి జాయింటు అంటున్నది ఇదే.

ఆ ఏడాది అక్టోబరుకే నమూనా కారు రోడ్డు మీద తిరిగింది. దానికి నారింజ రంగు వేశారు, ఆరెంజ్ బాక్స్ అని ముద్దుపేరు. పరీక్షల్లో ఎన్నో మార్పులు జరిగాయి. ఇంజన్ను వెనకముందుగా తిప్పి పెట్టారు. వేగం మరీ ఎక్కువైందని 948 సిసి ఇంజన్ను 848 సిసికి తగ్గించారు. 1959 ఆగస్టు 26న కారు విడుదలైంది. ఆస్టిన్ సెవెన్, మోరిస్ మినీ మైనర్ అని రెండు పేర్లతో అమ్మారు. జనం నోట మినీగా నిలిచిపోయింది. ధర పన్నుతో కలిపి 500 పౌండ్లకు కొంచెం తక్కువ.

జాన్ కూపర్ అనే రేసు కార్ల నిపుణుడు దానికి బలం పెంచి 1961లో మినీ కూపర్ తెచ్చారు. 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటీ కార్లో ర్యాలీలో పెద్ద పెద్ద కార్లను దాటి ఈ బుల్లి కారు గెలిచింది. 2000 అక్టోబరులో ఆఖరి పాత మినీ తయారయ్యే నాటికి మొత్తం 53 లక్షలకు పైగా కార్లు బయటకొచ్చాయి. పక్కన పెట్టిన 9002, 9001 ఆలోచనలు కూడా వృథా కాలేదు. వాటి నుంచే 1962లో 1100 కారు, 1964లో 1800 కారు వచ్చాయి. 1100 కారు కొన్నేళ్ళపాటు బ్రిటన్‌లో అందరికన్నా ఎక్కువ అమ్ముడైంది.

ఆయన లోపాలు

పొగడ్తలతోనే నింపితే అది జీవిత చరిత్ర కాదు. ఇసిగోనిస్‌లో లోపాలూ ఉన్నాయి. మొదటి మినీల్లో నేల రేకుల అతుకు తప్పుగా పడి, వాన కురిస్తే కాళ్ళ కిందికి నీళ్ళు వచ్చేవి. అది తర్వాత సరిదిద్దారు. అంతకన్నా పెద్ద లోపం ఖర్చు సంగతి. మినీ మీద కంపెనీకి మిగిలింది బహు స్వల్పం. ఫోర్డ్ కంపెనీవారు ఒక మినీని కొని భాగాలన్నీ విప్పి లెక్కవేసి, ఒక్కో కారు మీద బిఎంసి నష్టపోతోందని తేల్చారని చెబుతారు. లక్షల కార్లు అమ్మిన కంపెనీ దగ్గర కొత్త కార్లకు డబ్బు లేకపోయింది.

రెండోది, కొనేవాళ్ళకు ఏం కావాలో అడగడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. తనకు మంచిదనిపించిందే అందరికీ మంచిదనుకునేవారు. మినీ విషయంలో అది నిజమైంది. 1800 కారు విషయంలో కాలేదు. చోటు బాగా ఉంది, గట్టిగా ఉంది, 1965కు యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా పొందింది. అయినా అనుకున్నంతగా కొనలేదు జనం.

ఆఖరి నమూనా

1967లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. అదే కాలంలో మినీకి బదులుగా మరో చిన్న కారు రూపొందించే పనిలో పడ్డారు. దాని గుర్తు 9ఎక్స్. పొడవు మినీకన్నా 4 అంగుళాలు తక్కువ, లోపల చోటు మాత్రం ఎక్కువ. వెనక పైకి లేచే తలుపు. తేలికైన సరికొత్త ఇంజను. భాగాల సంఖ్య బాగా తగ్గించారు. అంటే ఖర్చు మాట ఆయన చివరకు చెవిన పెట్టారన్నమాట.

కానీ ఆలస్యమైంది. 1968లో బిఎంసి, లేలాండ్ కలిసి బ్రిటిష్ లేలాండ్ అయ్యాయి. కొత్త అధిపతి డొనాల్డ్ స్టోక్స్. కొత్త ఇంజను తయారీకి చాలా పెట్టుబడి కావాలి. కంపెనీ దగ్గర లేదు. ఖర్చు విషయంలో ఇసిగోనిస్ మాట మీద నమ్మకమూ లేదు. 9ఎక్స్ ఆగిపోయింది. సాంకేతిక విభాగం పగ్గాలు ఇంకొకరికి ఇచ్చారు. 1969లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1971లో పదవీ విరమణ చేశారు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఫియట్ 127, రెనో 5, ఫోక్స్‌వాగన్ పోలో, ఫోర్డ్ ఫియెస్టా ఇవన్నీ 1971 నుంచి 1976 లోపు వచ్చాయి. బ్రిటిష్ లేలాండ్ నుంచి ఆ తరహా చిన్న కారు ఆస్టిన్ మెట్రో 1980లో గాని రాలేదు. 9ఎక్స్ వచ్చి ఉంటే కంపెనీ నిలబడేదని కొందరంటారు. అంత డబ్బు పెట్టి ఉంటే ఇంకా ముందే మునిగేదని మరికొందరంటారు. మాకు తోచింది ఒకటే. మనిషి మీద ఒకసారి నమ్మకం పోతే, అతను సరిగ్గా చేసిన పనిని కూడా ఎవరూ చూడరు.

పదవి పోయినా ఇసిగోనిస్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. కంపెనీకి సలహాదారుగా ఉంటూ గేర్లు లేని మినీ మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. అవి కూడా అమ్మకానికి రాలేదు. 1988 అక్టోబరు 2న బర్మింగ్‌హామ్‌లో 81వ ఏట కన్నుమూశారు. 9ఎక్స్ నమూనా ఇప్పుడు ఇంగ్లండులో గేడన్ అనే చోట ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

మనకూ ఆయనకూ ఉన్న సంబంధం

ఆయన కార్లు మన దేశానికీ వచ్చాయి. ఆయన చేతిలో రూపుదిద్దుకున్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను హిందుస్థాన్ మోటార్స్ వారు హిందుస్థాన్ 14 పేరుతో, మోరిస్ మైనర్‌ను బేబీ హిందుస్థాన్ పేరుతో ఇక్కడ అమ్మారు. మన ఊళ్ళకు కలెక్టర్లు, మంత్రులు వచ్చిన తెల్ల అంబాసిడర్ ఆ ఆక్స్‌ఫర్డ్ వంశంలో తర్వాతి తరానిది. 1983లో వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలే లాగుతాయి. గేర్‌బాక్సు మాత్రం ఇంజను కింద కాకుండా పక్కన ఉంటుంది. ఈ రోజు రోడ్డు మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటి బానెట్ ఎత్తి చూడండి, ఇంజను అడ్డంగానే కనిపిస్తుంది.

తమ్ముళ్ళారా, లెక్కలు వదిలేయమని మేము చెప్పడం లేదు. లెక్కలు రాక ఇబ్బంది పడే మాకు వాటి విలువ బాగా తెలుసు. ఒక పరీక్ష తప్పడం, ఒక కారు ఆగిపోవడం ఒకలాంటివేనని చెబుతున్నాం. ఆగిపోయిన ప్రతి కారులో నేర్చుకున్నదాన్ని ఇసిగోనిస్ తర్వాతి కారులోకి తీసుకెళ్ళారు. మైనర్ ప్రయోగం అమ్మకానికి రాలేదు, కానీ అది లేకపోతే మినీ లేదు. అయితే ఆయనకు మరో అవకాశం ఇచ్చి వెనక్కి పిలిచినవారు ఉన్నారు. బొమ్మను డ్రాయింగుగా మార్చిన స్నేహితుడు ఉన్నాడు. పక్కన నిలబడిన తల్లి ఉంది. మా మిత్రుడు బస్సెక్కిన రోజున అతనికి అలా ఎవరూ లేరు. మేము ఉండి కూడా లేము.

అందుకే ఈ వార్షికోత్సవం సందర్భంగా మేమంతా ఒక మాట అనుకున్నాం. ఇకపై మన హాస్టల్‌లో పదో తరగతి తప్పిన ప్రతి తమ్ముడి ఇంటికీ సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ లోపల ఇద్దరు సీనియర్లు వెళ్ళాలి. ఫీజుకు చిక్కు ఉంటే అందరం తలా కొంత వేసుకోవాలి. లెక్కల పుస్తకం పట్టుకుని పక్కన కూర్చోవాలి. అన్నలు కూడా ఇందులో కలిసి రావాలని కోరుతున్నాం.

లారీ షెడ్డులో ఉన్న మా మిత్రునికి ఈ సంచిక మేమే తీసుకెళ్ళి ఇస్తాం. ప్రైవేటుగా పరీక్ష రాసుకునే దారి ఇంకా ఉంది. దరఖాస్తు కూడా వెంట తీసుకెళ్తున్నాం.